గీజరు, నీటి పైపులు: లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

చలి మొదలైన దగ్గర నుంచి పాఠకులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "గీజరు సరిగా పనిచేయడం లేదు, మార్చేయమంటారా?" మన ఇళ్లలో గదులను వేడి చేసే ఏర్పాట్లు ఉండవు కనుక వేడి అంటే గీజరే, తప్పు జరిగితే నింద కూడా దాని మీదే. అయితే డాబా మీది ట్యాంకు, అక్కడి నుంచి దిగే పైపు, గోడలోని కరెంటు తీగ, బోరు నుంచి వచ్చే నీటి గుణం, ఈ నాలుగింటిలో ఏది చెడినా ఫలితం స్నానాల గదిలో ఒకేలా కనిపిస్తుంది. అందువల్ల పరీక్ష ఎప్పుడూ పై నుంచి కిందికి, చల్లని నీటి వైపు నుంచి వేడి నీటి వైపుకు సాగాలి. ఈ వరుస తప్పి మా ఇంట్లో నేనే ఒకసారి మంచి గీజరును తీయించి కొత్తది పెట్టించాను; రెండో వారానికి పాత సమస్యే తిరిగి వచ్చింది. చివరకు చూస్తే, గీజరుకు నీరిచ్చే యాంగిల్ కాక్‌లో (గోడ దగ్గర ఉండే చిన్న వాల్వులో) టెఫ్లాన్ టేపు ముక్క అడ్డుపడి ఉంది.

1. పని మొదలుపెట్టే ముందు

గీజరును ముట్టుకునే ముందు గోడ మీది స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. స్విచ్చి పొరపాటున న్యూట్రల్ తీగ మీద ఉంటే, ఆపిన తరువాత కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. మెయిన్ బోర్డులో గీజరు ఎమ్‌సీబీని (కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చిని) దించి, ప్లగ్గు ఉంటే దానిని కూడా తీసివేయాలి.

దగ్గర ఉంచుకోవలసినవి:
- కరెంటు టెస్టరు, స్క్రూ డ్రైవర్లు, పైపు రెంచి
- టెఫ్లాన్ టేపు, యాంగిల్ కాక్‌కు, కుళాయికి సరిపోయే వాషర్లు
- 20 లీటర్ల బకెట్టు, సెకన్లు చూపే గడియారం లేదా ఫోను
- పాత టూత్ బ్రష్షు, నిమ్మ ఉప్పు లేదా వెనిగర్
- గుర్తులు పెట్టడానికి మార్కరు

ట్యాంకు వద్ద ఉన్న గేట్ వాల్వు పూర్తిగా మూసుకుంటోందో లేదో ముందే చూసుకోవాలి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. కుళాయి విప్పిన తరువాత ఈ సంగతి తెలిస్తే ఇల్లంతా నీళ్లవుతుంది. వాల్వు తిరగకపోతే బలవంతం చేయవద్దు. ట్యాంకు ఖాళీ అయిన రోజు చూసి దానిని ముందు మార్పించి, ఆ తరువాతే మిగతా పని పెట్టుకోవాలి.

2. నీరు సన్నగా వస్తుంటే: ట్యాంకు నుంచి కిందికి

ముందుగా బకెట్టు పరీక్ష చేయాలి. ఇతర కుళాయిలన్నీ కట్టివేసి, ఒక్కొక్క స్నానాల గదిలో చల్లని కుళాయి కింద 20 లీటర్ల బకెట్టు ఎంతసేపటికి నిండుతుందో రాసుకోవాలి. తరువాత అదే చోట వేడి కుళాయితో మళ్లీ చూడాలి. రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు, అది ఇంటికి హాయిగా సరిపోతుంది. నాలుగు నిమిషాలు దాటితే లోపం వెతకాలి. అంకెలు పక్కపక్కన ఉంటే సగం జవాబు దొరికినట్టే:

- ఒక్క కుళాయే సన్నగా ఉంటే లోపం ఆ కుళాయిలోనే ఉంది. మూతి దగ్గర జల్లెడ విప్పి కడగాలి, ఆ తరువాత దాని యాంగిల్ కాక్ చూడాలి.
- ఒక గదిలో చల్లనిది, వేడిది రెండూ సన్నగా ఉంటే ఆ గదికి వచ్చే కొమ్మ పైపు లేదా దాని వాల్వు కారణం.
- ఇల్లంతా సన్నగా ఉంటే ట్యాంకు అవుట్‌లెట్, గేట్ వాల్వు, కిందికి దిగే పైపు చూడాలి.
- చల్లనిది బాగుండి వేడిది మాత్రమే సన్నగా ఉంటే నేరుగా మూడో భాగానికి వెళ్లవచ్చు.

ఎత్తు లెక్క కూడా తెలిసి ఉండాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో షవరుకు, డాబా మీది ట్యాంకు అడుక్కు మధ్య తేడా తరచుగా రెండున్నర మీటర్లే కాబట్టి అక్కడ దొరికేది పావు బార్ మాత్రమే. దానితో గొడుగంత వెడల్పున్న రెయిన్ షవరు ధార కట్టదు, బొట్లు రాలుతుంది. ట్యాంకును ఇంకో మీటరు లేపినా పెరిగేది బార్‌లో పదో వంతే. కాబట్టి ఇటుక దిమ్మె కట్టించే ముందు పైపు సైజు చూడాలి. ట్యాంకు నుంచి అంగుళం పావు లేదా అంగుళం పైపు దిగి, గది వరకు ముప్పావు అంగుళం వచ్చి, కుళాయి దగ్గర మాత్రమే అర అంగుళానికి తగ్గాలి. ట్యాంకు దగ్గరే అర అంగుళంతో మొదలుపెట్టిన ఇళ్లలో ఇతరత్రా ఎంత ఖర్చు పెట్టినా పెద్దగా మార్పు రాదు.

నీరు కాసేపు వచ్చి, కక్కుతూ ఆగి, మళ్లీ వస్తుంటే పైపులో గాలి పట్టిందని అర్థం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండిన తరువాత ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తాత్కాలికంగా, ట్యాంకును నిండుగా నింపి అన్నిటికంటే కింద ఉన్న కుళాయిని పూర్తిగా తెరిచి, చప్పుడు ఆగే వరకు వదిలేయాలి. శాశ్వతంగా సరిచేయాలంటే ట్యాంకు గేట్ వాల్వు దాటిన వెంటనే ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి, దాని నుంచి గాలి పైపును ట్యాంకు మూత కంటే ఎత్తుకు తీసుకువెళ్లి, చివరను కిందికి వంచి తెరిచి ఉంచాలి. పైపును కిందికి దించి మళ్లీ పైకి ఎక్కించి తిప్పిన చోటల్లా గాలి దాక్కుంటుంది. అలాంటి వంపులను తరువాత పైపులు మార్చేటప్పుడు తీసివేయించాలి.

3. వేడి నీళ్లు మాత్రమే సన్నగా ఉంటే, లేదా చల్లనివి కలుస్తుంటే

గీజరుకు నీరు వచ్చే దారిలో మూడు ఇరుకులు ఉంటాయి: యాంగిల్ కాక్, అల్లిక తొడుగున్న కనెక్షన్ పైపు, గీజరు మూతి దగ్గర బిగించిన మల్టీ ఫంక్షన్ వాల్వు (ఒత్తిడి పెరిగితే నీరు వదిలేది). ఈ వరుసలోనే విప్పి చూడాలి. యాంగిల్ కాక్ మూసి, కనెక్షన్ పైపును గీజరు వైపు విప్పి, ఆ కొసను బకెట్టులో పెట్టి కాక్ తెరిస్తే ధార బలంగా రావాలి. వస్తే లోపం వాల్వులో గాని గీజరులో గాని ఉంది. రాకపోతే గీజరు జోలికి వెళ్లనవసరం లేదు.

"గీజరు నిండా వేడి ఉంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తున్నాయి" అనే ఫిర్యాదుకు చాలామంది థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే భాగం) మార్పిస్తారు. అంతకుముందు చేయవలసిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. గీజరుకు వచ్చే యాంగిల్ కాక్‌ను పూర్తిగా మూసి, వేడి కుళాయిని ఒక్కదానిని తెరవండి. పైపులో మిగిలిన కాసిని నీళ్లు వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే చల్లని నీరు వేరే దారిలో వేడి పైపులోకి చేరుతోంది. సాధారణంగా ఆ దారి మిక్సర్ (వేడి, చల్లని నీటిని కలిపే కుళాయి) లోపల అరిగిపోయిన కార్ట్రిడ్జి గాని, మిక్సర్‌ను రెండు వైపులా తెరిచి ఉంచి చివరన చేతి షవరు మీట దగ్గర మాత్రమే ఆపే అలవాటు గాని అయి ఉంటుంది. మొదటిదానికి కార్ట్రిడ్జి మార్చాలి. రెండోదానికి ఖర్చేమీ లేదు.

4. నీళ్లు వేడెక్కకపోతే

చాలా గీజర్లలో రెండు దీపాలు ఉంటాయి, ఒకటి కరెంటు వచ్చినందుకు, రెండోది వేడి చేస్తున్నందుకు.

- ఏ దీపమూ వెలగకపోతే ఎమ్‌సీబీ, స్విచ్చి, సాకెట్టు చూడాలి. సాకెట్టు మూతి నల్లబడి లేదా కరిగి ఉంటే ప్లగ్గును, సాకెట్టును రెండింటినీ మార్చాలి. ఒక్కటి మార్చితే రెండోది దానిని మళ్లీ కాల్చుతుంది.
- కరెంటు దీపం వెలిగి, చల్లని నీరున్నా రెండోది వెలగకపోతే థర్మోస్టాట్ గాని, అధిక వేడికి తెగే కటౌట్ గాని కారణం. కటౌట్‌కు రీసెట్ మీట ఉంటే ఎమ్‌సీబీ దించి ఒకసారి నొక్కవచ్చు. మళ్లీ తెగితే పదేపదే నొక్కవద్దు. థర్మోస్టాట్ అతుక్కుపోయి నీరు మరిగే దాకా వెళుతోందని అది చెబుతోంది.
- రెండూ వెలుగుతున్నా నీరు చల్లగానే ఉంటే నీటిని వేడి చేసే కడ్డీ, అంటే ఎలిమెంట్, పోయినట్టు.
- వేడెక్కుతుంది గాని మునుపటి కంటే చాలా ఆలస్యమైతే ముందు వోల్టేజి చూడాలి. తెల్లవారుజామున కరెంటు 180 వోల్టులకు పడిపోతే 2 కిలోవాట్ల ఎలిమెంట్ దాదాపు 1.2 కిలోవాట్లే ఇస్తుంది. వోల్టేజి బాగానే ఉంటే గీజరు ట్యాంకు అడుగున పేరుకున్న ఉప్పు, అరిగిన థర్మోస్టాట్, కలుస్తున్న చల్లని నీరు, ఈ మూడింటినీ అనుమానించాలి.

మునుపటి కంటే ఆలస్యం అనడానికి కొలత ఉండాలి. 2 కిలోవాట్ల ఎలిమెంట్ 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 18 నిమిషాలు, 25 లీటర్లకు సుమారు 30 నిమిషాలు పడుతుంది. 15 లీటర్లకు ఖర్చయ్యే కరెంటు 0.6 యూనిట్ల పైచిలుకు.

5. కరెంటు వైపు: ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు

కుళాయి ముట్టుకుంటే చేతికి చిమచిమలాడినట్టు అనిపించడం చిన్న విషయం కాదు. వెంటనే ఎమ్‌సీబీ దించి, ఎలక్ట్రీషియన్ వచ్చే వరకు గీజరు వాడకూడదు. ఎలిమెంట్ పై తొడుగు పగిలితే కరెంటు నీటిలోకి చేరుతుంది. ఎర్తు బాగుంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) పడిపోయి ప్రాణం నిలుస్తుంది, ఎర్తు లేకపోతే ఆ కరెంటు మనిషి గుండా దారి వెతుక్కుంటుంది.

ఎలక్ట్రీషియన్‌తో చూపించవలసినవి:
- గీజరుకు బోర్డు నుంచి విడిగా వచ్చిన తీగ. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద 9 ఆంపియర్ల దరిదాపు, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కనీసం, 4 ఉంటే నిశ్చింత.
- 16 ఆంపియర్ల సాకెట్టు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద గీజరు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. నెలకు ఒకసారి దాని టెస్ట్ మీట నొక్కి పడుతోందో లేదో చూడాలి.
- ఎర్తు నిజంగా పనిచేస్తోందా అన్నది. మూడు కన్నాల సాకెట్టు ఉన్నంత మాత్రాన వెనుక ఎర్తు తీగ ఉన్నట్టు కాదు.

గీజరు పెట్టినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోందని దానిని తప్పించి కలపమని అడిగేవారు ఉన్నారు. అలా చేసే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవవద్దు.

6. వాల్వు నుంచి బొట్లు పడితే

వేడెక్కిన నీరు ఉబ్బుతుంది. 25 లీటర్ల నీరు 25 నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ నీరు వెనక్కి పోయే దారి లేనప్పుడు మల్టీ ఫంక్షన్ వాల్వు దానిని బొట్లుగా వదులుతుంది. కాబట్టి గీజరు నడుస్తున్నప్పుడు మాత్రమే బొట్లు పడటం లోపం కాదు. ఆ రంధ్రాన్ని ఎమ్-సీల్‌తో మూసివేసిన ఇళ్లు నేను చూశాను. గీజరు ట్యాంకు పగలకుండా కాపాడే దారిని మూసుకోవడమే అది. బొట్లు చికాకుగా ఉంటే సన్న పైపు తొడిగి మోరీ దాకా దించాలి. గీజరు ఆపి ఉన్నా రోజంతా కారుతుంటే వాల్వు పాడైంది, లేదా నీటి ఒత్తిడి గీజరు తట్టుకోగల హద్దును దాటింది.

7. ఉప్పు నీరు: అన్ని రోగాలకు మూలం

హైదరాబాదు బోర్ల నీటిలోనైనా, కోస్తా ఊళ్ల బోర్ల నీటిలోనైనా కాఠిన్యం ఎక్కువగా ఉండటం సాధారణం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు. చల్లని నీటిలో కరిగి ఉండే సున్నపు ఉప్పులు వేడి తగలగానే విడిపోయి ఎలిమెంట్‌కు తెల్లని గారలా అంటుకుంటాయి. ఎలిమెంట్ వేడి నీటికి చేరక, తనలోనే పెరిగి, చివరకు అది పగులుతుంది. కెటిల్ మరిగినట్టు గీజరు చిటపటలాడుతుంటే గార పేరుకుందని గ్రహించాలి.

వేడి 60 డిగ్రీలు దాటకుండా పెడితే గార తగ్గుతుంది. 50 కంటే బాగా తగ్గించి ఎప్పుడూ ఉంచడమూ మంచిది కాదు, గోరువెచ్చని నిల్వ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు కనుక పిల్లలున్న ఇంట్లో బకెట్టులో ముందు చల్లనివి, తరువాత వేడివి పట్టాలి.

ఏటా ఒకసారి, చలికాలానికి ముందు, గీజరును ఇలా శుభ్రం చేయించాలి:
- ఎమ్‌సీబీ దించి, నీరు చల్లారే వరకు ఆగాలి.
- యాంగిల్ కాక్ మూసి, వేడి కుళాయి తెరిచి, వాల్వు మీట ఎత్తి లేదా కనెక్షన్ పైపు విప్పి గీజరు ట్యాంకు ఖాళీ చేయాలి.
- ఎలిమెంట్ ప్లేటును మెకానిక్‌తో విప్పించి, ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టి బ్రష్షుతో రుద్దించాలి. కత్తితో గీకనీయవద్దు.
- లోపలి మెగ్నీషియం కడ్డీని చూడాలి. తుప్పు ట్యాంకుకు పట్టకుండా అది తాను కరిగిపోతుంది. లోపలి తీగ కనబడేంత సన్నబడితే మార్చాలి.
- రబ్బరు గాస్కెట్ కొత్తది వేయించి, బిగించి, నీరు నింపాలి.
- వేడి కుళాయి నుంచి గాలి లేకుండా నీరు ధారగా వచ్చిన తరువాతే ఎమ్‌సీబీ ఎత్తాలి. నీరు లేకుండా పెడితే ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది.

టాయిలెట్ కడిగే యాసిడ్ ట్యాంకులో పోయడం పెద్ద తప్పు. అది గాజు పూతను, వెల్డింగును తినేస్తుంది. షవరు రంధ్రాలకు మాత్రం వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టడం చాలు.

8. గోడ చెమ్మ, కనబడని లీకు

రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, నల్లా నీరు ట్యాంకులోకి చేరకుండా మూసి, కుళాయిలన్నీ కట్టి, నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టాలి. తెల్లారి నీరు దిగి ఉంటే ఎక్కడో కారుతోంది. మరునాడు రాత్రి గీజరు యాంగిల్ కాక్ కూడా మూసి మళ్లీ చూడాలి. ఈసారి నీరు దిగకపోతే లీకు వేడి పైపులో ఉంది. గోడలు పగలగొట్టించే ముందు ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఆగి కమోడ్‌లో రంగు కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే దోషి అడుగు వాషరు మాత్రమే.

నీరు దిగకపోయినా గోడ తడుస్తుంటే, స్నానాల తరువాతే చెమ్మ పెరుగుతుంటే, అది పైపు లీకు కాదు. నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ) చుట్టూ గాని టైల్స్ సందుల్లో గాని దిగే నీరు.

9. మార్చక తప్పనప్పుడు: గీజరు ఎంపిక

ట్యాంకు ఒంటి నుంచే నీరు కారుతున్నా, వేడి నీరు మాత్రమే తుప్పు రంగులో వస్తున్నా మరమ్మతు దండగ. సైజు నిర్ణయించడానికి లెక్క ఇది: 22 డిగ్రీల చల్లని నీటితో కలిపి 40 డిగ్రీల స్నానపు నీరు చేస్తే, 60 డిగ్రీల నీరు 15 లీటర్లు సుమారు 32 లీటర్లవుతుంది, అంటే ఒకటిన్నర బకెట్టు. 25 లీటర్లయితే 53. బకెట్టు స్నానానికి 15 చాలు. షవరు కింద ఎనిమిది నిమిషాలు నిలబడే అలవాటుంటే 25 కూడా ఇరుకే. స్టార్ లేబుల్ చెప్పేది వేడి నిల్వ ఉన్నప్పుడు ఎంత కరెంటు వృథా అవుతుందన్నదే కాబట్టి, గీజరును గంటల తరబడి ఆన్‌లో ఉంచే ఇంటికి అది ముఖ్యం. స్నానానికి ముందు అరగంట పెట్టి ఆపే ఇంటికి తేడా స్వల్పం. గ్యాసు గీజరును మాత్రం మూసి ఉన్న స్నానాల గదిలో పెట్టించవద్దు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, స్పృహ తప్పేదాకా తెలియదు.

10. పాత జీఐ పైపులు తీసి సీపీవీసీ వేయడం

పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపుల స్థానంలో వేడి నీటికి సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయాలి. మామూలు పీవీసీ, యూపీవీసీ మెత్తబడతాయి. పని జరిగేటప్పుడు పక్కనే ఉండి ఈ వరుస చూసుకోవాలి:

- పైపును నిటారుగా కోసి, కొస లోపలి, బయటి పొట్టు గీకి తీయాలి. ఆ పొట్టే తరువాత కుళాయి జల్లెడల్లో తేలుతుంది.
- గమ్ము లేకుండా ఒకసారి అమర్చి చూసి, లోతుకు గుర్తు పెట్టాలి.
- సీపీవీసీ గమ్మునే వాడాలి. డబ్బా మిగిలిందని పీవీసీ గమ్ము పూస్తే వేడికి జాయింటు ఊడుతుంది.
- పైపును పావు వంతు తిప్పుతూ తోసి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి.
- కుళాయిలు బిగించే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులే వేయాలి.
- టెఫ్లాన్ టేపును మర తిరిగే దిశలోనే చుట్టాలి. కనెక్షన్ పైపులో రబ్బరు వాషరు ఉన్న కొసకు టేపు అవసరం లేదు, చుట్టితే వాషరు సరిగా కూర్చోదు.
- గీజరుకు సీపీవీసీని నేరుగా బిగించకుండా స్టీలు అల్లిక కనెక్షన్ పైపుతో కలపాలి.
- డాబా మీద ఎండ తగిలే పైపుకు తెల్లని ఎమల్షన్ రంగు వేయాలి.

గమ్ము పూర్తిగా ఆరిన తరువాత, టైల్స్ వేయకముందే, చేతి పంపుతో ఒత్తిడి పరీక్ష చేయించాలి. పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ముల్లు పడిపోకుండా నిలుస్తోందో చూడాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఈ ఒక్క చోట ఒప్పుకోవద్దు.

11. ప్రెషర్ పంపు, సోలార్

పైపు సైజులు సరిగా ఉన్నా పై అంతస్తులో ధార చాలకపోతేనే ప్రెషర్ పంపు. దానిని ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర, పక్కన ఎన్‌ఆర్‌వీతో (నీటిని ఒక్క దిశలోనే పోనిచ్చే వాల్వుతో) బైపాస్ లైను వేసి పెట్టించాలి. కరెంటు పోయినప్పుడు నీరు మామూలుగా దిగుతుంది. గీజరు లేబుల్ మీద ఉన్న బార్ల అంకెను పంపు ఒత్తిడితో పోల్చుకోవాలి. బలహీనమైన పాత జాయింట్లన్నీ పంపు పెట్టిన మొదటి వారంలోనే బయటపడతాయి, కాబట్టి ఎనిమిదో భాగంలోని లీకు పరీక్ష ముందే పూర్తిచేయాలి. నల్లా లైనుకే మోటారు బిగించడం జలమండలి నిబంధనలకు విరుద్ధం, దానిని పంపు కింద లెక్కించవద్దు.

సోలార్ వాటర్ హీటర్ పెట్టించేవారు రెండు విషయాలు చూసుకోవాలి. పంపు లేని మామూలు ఏర్పాటులో చల్లని ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. రెండోది, దూరం: ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు 20 మీటర్లలో దాదాపు 5 లీటర్ల నీరు నిలిచి ఉంటుంది, వేడి వచ్చే వరకు ప్రతిసారీ అది పారబోయాలి. పైపుకు నైట్రిల్ ఫోమ్ తొడుగు వేయించి, సాధ్యమైనంత దగ్గరి దారిలో దించాలి.

గోడల్లో పైపులు, తీగలు అమర్చిన రోజునే, మూయకముందు, ప్రతి గోడ పక్కన కొలత టేపు ఆనించి ఫొటోలు తీసుకోండి. వాటిని ఫోనులోనే వదిలేయకుండా ప్రింటు తీసి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించండి. అయిదేళ్ల తరువాత అద్దం బిగించడానికి గోడకు డ్రిల్లు పెట్టే మనిషికి అది కనబడాలి.